డెబియన్ ప్యాకేజీని సాకడం ఎలా: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి మొదలుపెట్టేవాళ్లకు

ప్యాకేజీ కట్టడం ఒక ఆదివారం పని. కట్టినదాన్ని ఏళ్ల తరబడి సాకడమే అసలు పని. నేర్పేవాళ్లలో చాలామంది మొదటిదాని దగ్గరే ఆగిపోతారు కాబట్టి ఇక్కడ రెండోదాని మీదే ఎక్కువ సేపు నిలబడతాను. కట్టడం గురించి కూడా చెబుతాను గానీ, సాకడానికి ఎంత అవసరమో అంతే.

డెబియన్ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. దీనికి యజమాని అంటూ ఒక కంపెనీ లేదు. ప్రపంచమంతటా ఉన్న వాలంటీర్లు నడుపుతున్నారు. మీ కాలేజీ ల్యాబులో ఉబుంటు ఉంటే, అందులో చాలా ప్యాకేజీలు డెబియన్ నుంచి వెళ్లినవే. ప్రోగ్రాము రాసేవాళ్లను అప్‌స్ట్రీమ్ అంటారు. వాళ్లు రాసినదాన్ని తెచ్చి, డెబియన్ పద్ధతికి సరిపడేలా కట్టి, తర్వాత వచ్చే ఫిర్యాదులకు జవాబుదారీగా ఉండేవారే మెయింటెయినర్.

ఇంట్లో తప్పకుండా అడుగుతారు, "ఎంతిస్తారంటరా?" అని. ఏమీ ఇవ్వరు. ఆ మాట మొదటిరోజే ఇంట్లో చెప్పేయండి, ఎగ్జామ్స్ ముందు గొడవ ఉండదు.

ఒక చిన్న మనవి. కమాండ్ల పేర్లు ఇక్కడ నోటితో చెప్పుకున్నట్టే రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

ముందు ఏది తీసుకోవాలో తేల్చుకోండి

కావలిలో ఇంజనీరింగ్ చదివే ఒకబ్బాయి అడిగాడు: "అన్నా, పెద్దదేదన్నా చెప్పు, రెజ్యూమేలో బరువుగా కనపడాల." వద్దన్నాను. రెజ్యూమే కోసం తీసుకున్న ప్యాకేజీ ఉద్యోగం రాగానే అనాథ అవుతుంది. మీరు రోజూ వాడేది, చిన్నది, మీకు చదవడం వచ్చిన భాషలో రాసినది తీసుకోండి. పైథాన్ వస్తే పైథాన్‌దే. సీ భాష రాకుండా సీ లైబ్రరీ జోలికి వెళ్లకండి. లైబ్రరీ అంటే దాని మీద ఆధారపడ్డ ఇంకో యాభై ప్యాకేజీల మెయింటెయినర్లతో కూడా మాట పడాల్సి వస్తుంది.

కొత్త ప్యాకేజీ తేవడం కన్నా ఉన్నదాన్ని ఆదుకోవడం మేలు, సులువు కూడా. మీ మెషీన్‌లో హౌ-కెన్-ఐ-హెల్ప్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత ఏపీటీ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే కమాండ్) నడిపినప్పుడల్లా, మీరు వాడుతున్నవాటిలో సాయం కావలసినవి ఏవో అదే చెబుతుంది. డెవ్‌స్క్రిప్ట్స్ అనే ప్యాకేజీలో ఉండే డబ్ల్యూఎన్‌పీపీ-అలర్ట్ కూడా ఇదే పని చేస్తుంది. ఆ జాబితాలో కొన్ని పొట్టి గుర్తులు కనిపిస్తాయి. ఓ అంటే మెయింటెయినర్ వదిలేసినది. ఆర్ఎఫ్ఏ అంటే ఇంకా చూస్తున్నారు గానీ ఎవరైనా తీసుకుంటే ఇచ్చేస్తారు. ఆర్ఎఫ్‌హెచ్ అంటే ఒంటరిగా మోయలేక తోడు అడుగుతున్నారు. నా లెక్కలో కొత్తవాళ్లకు ఆర్ఎఫ్‌హెచ్ అన్నిటికన్నా మంచిది, పక్కన తెలిసినవాళ్లు ఉంటారు కదా.

ఎవరూ వదిలేశామని చెప్పకపోయినా ఏళ్లుగా ముట్టుకోని ప్యాకేజీలు కూడా ఉంటాయి. వాటిని లాగేసుకోకూడదు. ఇంటెంట్ టు సాల్వేజ్ అనే బగ్గు (డెబియన్ ఫిర్యాదుల జాబితాలో ఒక పద్దు) రాసి, 21 రోజులు ఆగి, అప్పటికీ పాత మెయింటెయినర్ పలకకపోతే, కనీసం ఏడు రోజుల ఆలస్యం పెట్టిన క్యూలోకి అప్‌లోడ్ చేయాలి. ఇంత ఓపిక ఎందుకంటే, అవతలి మనిషి ఆసుపత్రిలో ఉండొచ్చు, పురిటికి వెళ్లి ఉండొచ్చు.

తెలుగువాళ్లకు నేను ఎప్పుడూ చూపించేది ఫాంట్లు. పోతన2000, వేమన2000 ఫాంట్లు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీలో ఉన్నాయి. డెబియన్‌లో ఫాంట్లకంటూ ఒక టీమ్ ఉంది. ఫాంటు బాగా కనిపిస్తోందా లేదా అన్నది తెలుగు చదివేవాళ్లే చెప్పగలరు. జర్మనీలో కూర్చున్నవాళ్లు ఎంత పనిమంతులైనా వత్తు కింద పడిందో పక్కన పడిందో పట్టుకోలేరు.

తీసుకునే ముందు అప్‌స్ట్రీమ్‌ను కూడా చూడండి. చివరి విడుదల ఎప్పుడు, బగ్గులకు బదులిస్తున్నారా, ప్యాచ్ (దిద్దుబాటు ముక్క) పంపితే కలుపుకుంటున్నారా? పలకని అప్‌స్ట్రీమ్ ఉన్న ప్యాకేజీ తీసుకుంటే ఆ ప్రోగ్రాము కూడా మీ నెత్తిన పడ్డట్టే.

మెషీను, డేటా

కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీలో 40 జీబీ ఖాళీ ఉంటే చిన్న ప్యాకేజీలకు ధారాళం. ల్యాప్‌టాప్‌లో స్టేబుల్ (విడుదలైన, నిలకడైన) డెబియన్ ఉంచుకుని, పని చేయాల్సిన అన్‌స్టేబుల్‌ను (కొత్త ప్యాకేజీలు ముందుగా చేరే రూపాన్ని) మాత్రం ఎస్‌బిల్డ్ అనే పనిముట్టుతో విడిగా ఒక క్రూట్‌లో (మిగతా సిస్టమ్‌తో కలవని గదిలాంటి చోట) పెట్టుకోండి. రోజువారీ సిస్టమ్‌లోనే బిల్డ్ చేస్తే, అంటే సోర్సు నుంచి ప్యాకేజీ కడితే, మీ దగ్గర ఎప్పుడో ఇన్‌స్టాల్ అయి ఉన్న ఏదో లైబ్రరీ పుణ్యాన అది బిల్డ్ అయిపోతుంది, బయట ఫెయిలవుతుంది.

ఎస్‌బిల్డ్ ప్రతిసారీ శుభ్రమైన గదిలో మొదలుపెడుతుంది కాబట్టి ప్రతిసారీ ప్యాకేజీలు దించుకుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో నడిపేవాళ్లకు ఇది దెబ్బ. ఏపీటీ-క్యాచర్-ఎన్‌జీ పెట్టుకోండి. ఒకసారి దించినదాన్ని దాచి మళ్లీ మళ్లీ అదే ఇస్తుంది. మే నెలలో ఒంగోలు మధ్యాహ్నం పూట పెద్ద బిల్డులు పెట్టకండి, ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గిపోతుంది. తెల్లవారుజామున పెట్టుకుంటే కరెంటు కూడా కాస్త నిలకడగా ఉంటుంది.

డెబియన్ ఫోల్డర్‌లో ఏముంటుంది

అప్‌స్ట్రీమ్ సోర్సు పక్కన డెబియన్ అనే ఫోల్డర్ ఉంటుంది. మీ పనంతా అందులోనే. బయట ఒక్క అక్షరం మార్చాలన్నా ప్యాచ్‌గా రాసి, ఆ ఫోల్డర్‌లోని ప్యాచెస్‌లో పెట్టాలి.

రూల్స్ అనే ఫైలు భయపెడుతుంది గానీ ఇవాళ చాలా ప్యాకేజీలకు అది మూడు లైన్లే. మేక్‌ఫైల్ అని చెప్పే మొదటి లైను, పర్సెంట్ గుర్తూ కోలనూ ఉన్న రెండోది, డీహెచ్ అనే కట్టే పనిముట్టును పిలిచే మూడోది. మూడో లైను ముందు ఉండాల్సింది ట్యాబ్, స్పేసులు కాదు. ఎడిటర్ మీకు తెలియకుండా ట్యాబ్‌ను స్పేసులుగా మార్చేస్తే "మిస్సింగ్ సెపరేటర్" అని అరుస్తుంది. కంట్రోల్ ఫైలులో బిల్డ్‌కు ఏమేం కావాలో, ప్యాకేజీ పేరేమిటో, వివరణ ఏమిటో రాస్తారు. వివరణలో ప్రకటన భాష వద్దు. "అత్యుత్తమ" లాంటి మాటలు తీసేసి అదేం చేస్తుందో చెప్పండి చాలు.

చేంజ్‌లాగ్‌కు (మార్పుల చిట్టాకు) పట్టింపు ఎక్కువ. ప్రతి పద్దు చివర సంతకం లైను ఉంటుంది: ఒక స్పేసు, రెండు అడ్డగీతలు, ఒక స్పేసు, మీ పేరు, కోణపు గుర్తుల మధ్య ఈమెయిలు, ఆ తర్వాత సరిగ్గా రెండు స్పేసులు, తేదీ. చేత్తో రాస్తే ఎక్కడో ఒక స్పేసు జారుతుంది. డీసీహెచ్ అనే కమాండ్ వాడండి, అదే రాసిపెడుతుంది.

పేరు దగ్గర మనవాళ్లకు ఇంకో చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, మార్కుల లిస్టులో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో ఇంకోలా. చేంజ్‌లాగ్‌లో, కంట్రోల్‌లో, మీ జీపీజీ కీలో (డిజిటల్ సంతకానికి వాడే తాళంచెవిలో) ఒకటే రూపం ఉండాలి. రేపు కీ మీద సంతకం చేసేవాళ్లు మీ గుర్తింపు కార్డు చూసి పోల్చుకుంటారు. కాబట్టి పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా పెట్టేసుకోవడం ఉత్తమం.

వెర్షన్ నంబరులో అడ్డగీతకు ముందున్నది అప్‌స్ట్రీమ్‌ది, తర్వాతది మీది. 2.1-1 అంటే 2.1కి మీ మొదటి కట్టు. అప్‌స్ట్రీమ్ మారకుండా మీరు మాత్రమే ఏదో సరిదిద్దితే 2.1-2. ఇంకా పూర్తిగా విడుదల కానిదానికి టిల్డా గుర్తు పెడతారు, అది పెట్టిన వెర్షన్ అసలుదానికన్నా వెనక ఉన్నట్టు లెక్క. నంబర్లు వెనక్కి వెళ్లాల్సి వస్తే ఎపోక్ అని ముందు ఒక అంకె, కోలను చేర్చే దారి ఉంది. అది పచ్చబొట్టు. ఒకసారి పెడితే ఆ ప్యాకేజీ బతికున్నంతకాలం పోదు, కాబట్టి సీనియర్లను అడగకుండా పెట్టకండి.

కాపీరైట్ ఫైలు

అందరూ చివరికి తోసేసే పని ఇది. నన్నడిగితే మొదట చేయాల్సింది ఇదే. డెబియన్ ప్రధాన విభాగంలోకి వచ్చే ప్రతి ఫైలుకూ, ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకునే హక్కు ఉండాలి. ఆ హక్కు రాతపూర్వకంగా ఉండాలి. కొత్త ప్యాకేజీలు న్యూ అనే క్యూలో ఆగుతాయి. అక్కడ వాటిని పరిశీలించే టీమ్ వాళ్లు ముఖ్యంగా లైసెన్సులే చూస్తారు.

తెలుగు ఫాంట్లలో ఇదే పెద్ద తలనొప్పి. "ఉచితం, అందరూ వాడుకోండి" అని రాసి ఉంటుంది. మార్చుకోవచ్చో లేదో ఉండదు. ఇంకొకరికి అమ్మే సీడీలో పెట్టొచ్చో లేదో ఉండదు. అలాంటిది తీసుకోలేం. రాసినాయన దొరికితే మర్యాదగా ఉత్తరం రాసి, ఓపెన్ ఫాంట్ లైసెన్స్ 1.1 కింద ఇస్తారా అని అడగండి. ఒప్పుకుంటే ఆ లైసెన్సు పాఠాన్ని తన సోర్సులో తానే పెట్టి విడుదల చేయమనండి. మీకు ఫోన్‌లో "సరే బాబూ" అనడం చాలదు.

ఆ లైసెన్సులోనే రిజర్వ్‌డ్ ఫాంట్ నేమ్ అనే షరతు ఉండొచ్చు. అంటే ఫాంటును మీరు మారిస్తే పాత పేరుతో ఇవ్వకూడదు, పేరు మార్చాలి. డెబియన్‌కు ఆ షరతు సమ్మతమే. కానీ చిన్న దిద్దుబాటుకు కూడా పేరు మార్చాల్సి రావచ్చు కాబట్టి, దిద్దుబాట్లు నేరుగా అప్‌స్ట్రీమ్‌కే పంపడం తెలివైన పని.

లైసెన్స్‌చెక్ అనే పనిముట్టు ప్రతి ఫైలు తలనూ చదివి చెబుతుంది. దాన్ని నమ్మి ఊరుకోకుండా డాక్యుమెంట్లు, బొమ్మలు, టెస్టుల కోసం పెట్టిన శాంపిల్ ఫైళ్లు కూడా మీ కళ్లతో చూడండి. ఎక్కడో మూలన ఎవరిదో జావాస్క్రిప్ట్ ఫైలు తెచ్చి పడేసి ఉంటారు.

బిల్డు, పరీక్ష

ఎస్‌బిల్డ్‌తో కట్టండి. తర్వాత లింటియన్ నడపండి. అది తప్పులను ఎర్రర్లు, వార్నింగులు, సమాచారం అని విడదీసి చూపిస్తుంది. ప్రతిదానికీ వివరణ అడిగితే ఇస్తుంది, చదవండి. నోరు మూయించడానికి ఓవర్‌రైడ్ (ఈ హెచ్చరికను వదిలేయమనే రాత) రాయొద్దు. నిజంగా లింటియనే పొరబడినప్పుడు మాత్రం, ఎందుకో ఒక లైను కామెంటు రాసి ఓవర్‌రైడ్ పెట్టండి.

ఆటోపీకేజీటెస్ట్ ఒక్కటైనా పెట్టండి. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యాక నిజంగా పని చేస్తోందా అని డెబియన్ సర్వర్లే దాన్ని నడిపి చూస్తాయి. చిన్నదైనా సరే. రెండేళ్ల తర్వాత వేరే ఎవరో మార్చిన లైబ్రరీ వల్ల మీది విరిగితే, యూజరుకన్నా ముందు మీకే తెలుస్తుంది.

కీ, స్పాన్సరు

నేరుగా అప్‌లోడ్ చేసే హక్కు మొదట్లో ఉండదు. సల్సాలో ఖాతా తెరిచి సోర్సు అక్కడ ఉంచండి, డెబియన్ వాళ్ల సొంత గిట్‌ల్యాబ్ అది. కట్టిన ప్యాకేజీని జీపీజీ కీతో సంతకం చేసి మెంటార్స్ అనే, కొత్తవాళ్ల ప్యాకేజీలు పరిశీలనకు పెట్టే సర్వర్‌లోకి డీపుట్ కమాండ్‌తో ఎక్కించండి. తర్వాత స్పాన్సర్ కావాలని బగ్గు రాయండి. ఎవరైనా డెబియన్ డెవలపర్ (నేరుగా అప్‌లోడ్ చేసే హక్కున్న సభ్యులు) చూసి, లోపాలు చెప్పి, సరిచేశాక తన సంతకంతో ఎక్కిస్తారు. ఫాంట్లయితే ఫాంట్స్ టీమ్‌లోనే అడగండి, వేగంగా అవుతుంది.

వారాలు గడిచినా జవాబు రాకపోవచ్చు. టెన్షన్ పడొద్దు, అలిగి మెయిలు రాయొద్దు. నెలకోసారి మర్యాదగా గుర్తు చేస్తే సరిపోతుంది. మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు, అవతల మేడమ్ ఉండొచ్చు కూడా. పేరుతో పలకరించి, విషయం మొదటి లైనులోనే చెప్పి, సాదా టెక్స్ట్‌లో పంపండి. మన ఆఫీసుల్లో నేర్చుకున్న ఉత్తరాల మర్యాద అక్కడ అర్థం కాదు.

ఏడాదో రెండేళ్లో బాగా చేశాక డెబియన్ మెయింటెయినర్ హోదాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు డెబియన్ డెవలపర్ అనుమతి ఇచ్చిన ప్యాకేజీలను మీరే ఎక్కించుకుంటారు. దానికి మీ కీ మీద డెబియన్ డెవలపర్ సంతకం కావాలి, మామూలుగా ఎదురుగా కలిసి కార్డు చూపించి తీసుకునేది. మనకు దగ్గర చెన్నై. నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటలు, అటూ ఇటూగా. మినీ డెబ్‌కాన్ఫ్‌లు (డెబియన్ వాళ్ల చిన్న సమావేశాలు) దేశంలో ఎక్కడ జరిగినా వెళ్తే ఒకేసారి చాలా సంతకాలు దొరుకుతాయి. 2023 సెప్టెంబరులో పెద్ద సమావేశం డెబ్‌కాన్ఫే కొచ్చిలో జరిగింది. కీ రహస్య భాగాన్ని పెన్‌డ్రైవులో కాపీ తీసి, రివొకేషన్ సర్టిఫికెట్ (కీ ఇక చెల్లదని చెప్పే పత్రం) కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్ పోయిన రోజు ఆ కాగితమే దిక్కు.

బగ్గులు వచ్చినప్పుడు

సాకడం అంటే ఎక్కువ భాగం ఇదే. ఒకటి దగ్గరగా చూద్దాం.

కందుకూరులో ఒక డీటీపీ షాపు ఉందనుకోండి. శుభలేఖలు వేస్తారు. ఒకరోజు అప్‌డేట్ తర్వాత "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు"లో మూడో మాట విడిపోయింది. ఘకు న వత్తు రావాల్సిన చోట, పొల్లు పెట్టిన ఘ ఒకటి, పక్కనే నిండు న ఒకటి. షాపాయన కొడుకు మీ ప్యాకేజీ మీద బగ్గు రాశాడు: "ఫాంటు చెడిపోయింది." స్క్రీన్‌షాట్ పెట్టాడు, అంతే.

ఫాంటుదే తప్పు అని అప్పుడే ఒప్పుకోకండి, కాదని వాదించకండి కూడా. అనుమానించాల్సినవి నాలుగు ఉన్నాయి. మొదటిది టైపు చేసిన పాఠమే. ఘ, పొల్లు, న అనే మూడు కోడ్‌ల మధ్య కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ దూరి ఉంటే, అక్షరాలు విడిపోవడమే సరైన ప్రవర్తన. కొన్ని కీబోర్డులు దాన్ని తెలియకుండా చొప్పిస్తాయి. ఫైలు అడిగి తెప్పించుకుని హెక్స్‌డంప్‌లో (ప్రతి అక్షరం కోడ్‌ను అంకెల్లో చూపే పనిముట్టులో) చూడండి. రెండోది ఫాంటు. మూడోది అక్షరాలను అమర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ. నాలుగోది ఆ పేజీ తయారు చేసిన ప్రోగ్రాము.

వీటిని విడదీయడానికి హార్ఫ్‌బజ్‌తోనే వచ్చే హెచ్‌బీ-వ్యూ ఉంది. ఒక ఫాంటు ఫైలు, ఒక మాట ఇస్తే బొమ్మ గీసి చూపిస్తుంది. పాత ఫాంటుతో "అవిఘ్నమస్తు" గీయించండి, కొత్తదానితో గీయించండి. పాతది బాగుండి కొత్తది విడిపోతే తప్పు ఫాంటుదే. రెండూ విడిపోతే పాత హార్ఫ్‌బజ్ వెర్షనుతో ఇంకోసారి చూడండి. అక్కడ బాగుంటే అనుమానం దాని మీదికి పోతుంది. రెండూ బాగుంటే ఆ డీటీపీ ప్రోగ్రామును పట్టుకోవాలి.

ఫాంటుదైతే అప్‌స్ట్రీమ్‌కు చెప్పి, డెబియన్ బగ్గుకు ఫార్వర్డెడ్ గుర్తు పెట్టి ఆ లింకు ఇవ్వండి. హార్ఫ్‌బజ్‌దైతే బగ్గును ఆ ప్యాకేజీకి రీఅసైన్ చేయండి, మీరు కనుక్కున్నదంతా రాసి మరీ. ఊరికే తోసేస్తే అవతలి మెయింటెయినర్ మళ్లీ మొదటినుంచీ వెతుక్కోవాలి. ఇంకా సమాచారం కావాలంటే మోర్‌ఇన్ఫో ట్యాగు. సరిదిద్దాక చేంజ్‌లాగ్‌లో క్లోజెస్ అని బగ్గు నంబరు రాస్తే, అప్‌లోడ్ ఆమోదం పొందగానే బగ్గు తానే మూసుకుంటుంది.

ఆ కుర్రాడికి కూడా ఒక లైను రాయండి. ఈలోపు పాత వెర్షన్ ఎలా పెట్టుకోవాలో చెప్పండి. ముహూర్తం దగ్గరపడిన శుభలేఖలు డెబియన్ కోసం ఆగవు.

బగ్గుల తీవ్రతలో సీరియస్, గ్రేవ్, క్రిటికల్ అనే మూడూ విడుదలను ఆపగలిగినవి. అవి వస్తే మిగతా పనులు పక్కన పెట్టాలి. చాలాకాలం వదిలేస్తే మీ ప్యాకేజీతో పాటు దాని మీద ఆధారపడినవీ టెస్టింగ్ (తర్వాతి విడుదలగా తయారవుతున్న రూపం) నుంచి తీసేస్తారు. మీకు తీరిక లేక ఎవరైనా ఎన్ఎంయూ చేసి, అంటే మీ బదులు తామే సరిదిద్ది ఎక్కిస్తే, చిన్నబుచ్చుకోకుండా థాంక్స్ చెప్పి ఆ మార్పును మీ గిట్‌లో (సోర్సు మార్పుల చరిత్ర దాచే చోట) కలుపుకోండి.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడు

వాచ్ ఫైలు (కొత్త విడుదలను ఎక్కడ వెతకాలో చెప్పేది) సరిగ్గా రాసి ఉంటే యూస్కాన్ అనే పనిముట్టు కొత్త విడుదలను కనిపెట్టి దించుతుంది. జీబీపీ అనే ఇంకో పనిముట్టు దాన్ని గిట్‌లోకి దిగుమతి చేస్తుంది. ఇక్కడిదాకా అయిదు నిమిషాలు. చాలామంది ఇక్కడే బిల్డ్ కొట్టి అప్‌లోడ్ చేసేస్తారు. పాతదానికీ కొత్తదానికీ మధ్య తేడా మొత్తం చదవకుండా ఎక్కించొద్దు.

ఎందుకో చెప్పడానికి 2024 మార్చి చాలు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ పనిముట్టును పోషించే మనిషి అలసిపోయి ఉన్నాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో ఏళ్ల తరబడి సాయం చేసి నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. అది డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్‌లలోకి వచ్చేసింది. స్టేబుల్‌కు మాత్రం చేరలేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అరసెకను ఆలస్యం అవుతోందేంటని తవ్వుకుంటూ పోయి పట్టుకున్నాడు. ఆ దొంగదారిని తెరిచే స్క్రిప్టు విడుదల టార్‌బాల్‌లో (సోర్సు మూటలో) ఉంది, గిట్‌లో లేదు. కాబట్టి గిట్ ట్యాగును, టార్‌బాల్‌ను పక్కపక్కన పెట్టి పోల్చండి. టార్‌బాల్‌లో మాత్రమే ఉన్న ఫైళ్లు ఎందుకున్నాయో తెలియాలి. అప్‌స్ట్రీమ్ సంతకం ఇస్తే వాచ్ ఫైలులోనే సరిచూసే ఏర్పాటు పెట్టండి. అయితే సంతకం ఎవరు పంపారో చెబుతుంది, మనసులో ఏముందో చెప్పదు. అసలు ఆ విడుదలల మీద సంతకం చేసింది కూడా ఆ జియా టానే.

ప్యాచుల విషయంలో 2008 గుర్తుంచుకోండి. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో రెండు లైన్ల మీద వాల్‌గ్రైండ్ అనే పరీక్షా పనిముట్టు గోల చేస్తోందని, 2006లో డెబియన్ ప్యాకేజీలో వాటిని కామెంటుగా మార్చేశారు. ఆ లైన్లు పోవడంతో యాదృచ్ఛికత దాదాపుగా ప్రాసెస్ నంబరు ఒక్కదాని మీదే మిగిలింది. అంటే రహస్య కీలు ఊహించగలిగేన్ని తక్కువ రకాలుగా తయారయ్యాయి. 2008 మే దాకా బయటపడలేదు. ప్రపంచమంతటా లెక్కలేనన్ని కీలు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ మార్పు చేసే ముందు అప్‌స్ట్రీమ్ మెయిలింగ్ లిస్టులో అడిగారు కూడా, కానీ వచ్చిన జవాబులో స్పష్టత లేదు. అందుకే ప్యాచ్‌ను పూర్తి రూపంలో అప్‌స్ట్రీమ్‌కు పంపండి. ప్యాచ్ తలలో ఎందుకు, ఎవరు, ఎక్కడికి పంపాం అన్నది రాయండి. అర్థం కాని లైనును వార్నింగు పోగొట్టడానికి మార్చకండి. వార్నింగు ఉంటే ఉండనివ్వండి.

టెస్టింగ్, ఫ్రీజ్, స్టేబుల్

అన్‌స్టేబుల్‌లోకి ఎక్కినది టెస్టింగ్‌కు తనంతట తాను వెళ్తుంది. చేంజ్‌లాగ్‌లో రాసే అర్జెన్సీ (తొందర స్థాయి) మీడియం అంటే అయిదు రోజులు, లో అంటే పది, హై అంటే రెండు. మధ్యలో కొత్త సీరియస్ బగ్గు రాకూడదు, ఏ ఆర్కిటెక్చర్‌లోనూ (ప్రాసెసర్ రకంలోనూ) బిల్డు విరగకూడదు, ఎవరి పరీక్షలూ చెడకూడదు. ఆగిపోతే డెబియన్ ప్యాకేజీ ట్రాకర్ సైటులో మీ ప్యాకేజీ దగ్గర కారణం రాసి ఉంటుంది, అప్‌లోడ్ చేసిన వారానికి ఒకసారి తప్పక చూడండి. మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచే సీ ప్రోగ్రాము ఎస్390ఎక్స్ అనే ఐబీఎం మెషీన్‌లో పడిపోవచ్చు, ఆ మెషీన్‌లో బైట్ల వరస తిరగబడి ఉంటుంది. ఫాంట్లకు ఈ బాధ లేదు.

సుమారు రెండేళ్లకోసారి విడుదల. అంతకు ముందు ఫ్రీజ్, అంటే మార్పులను దశలవారీగా ఆపేసే కాలం. డెబియన్ 13కి 2025 మార్చి 15న మొదటి దశ మొదలైంది, ఏప్రిల్ 15న సాఫ్ట్ ఫ్రీజ్, మే 15న హార్డ్ ఫ్రీజ్, ఆగస్టు 9న విడుదల. మన సెమిస్టర్ పరీక్షలు కూడా సరిగ్గా ఏప్రిల్, మేలోనే. కాబట్టి పెద్ద మార్పులన్నీ సంక్రాంతి సెలవుల్లోపు పూర్తి చేసుకోవాలి. హార్డ్ ఫ్రీజ్ మొదలయ్యాక "కొత్త వెర్షన్ వచ్చింది కదా" అంటే రిలీజ్ టీమ్ ఒప్పుకోదు.

స్టేబుల్‌లో ఉన్నదాన్ని ముట్టుకోవాలంటే ఇంకా కట్టుదిట్టం. భద్రతా లోపం లేదా నిజంగా పెద్ద బగ్గు ఉంటేనే. అదీ ఆ ఒక్క దిద్దుబాటునే పాత వెర్షన్‌కు తెచ్చి, నంబరు చివర ప్లస్ డెబ్13యూ1 అని చేర్చి, రిలీజ్ టీమ్‌ను బగ్గు ద్వారా అడిగి, వాళ్లు సరేనన్నాకే ఎక్కించాలి. యూజర్లు కొత్తది కావాలని అడుగుతూనే ఉంటారు. వాళ్లకు బ్యాక్‌పోర్ట్స్ (స్టేబుల్ మీద నడిచేలా కట్టిన కొత్త వెర్షన్లు ఉండే విభాగం) చూపించండి.

తుఫాన్లు, ఊరు మారడం

మన తీరానికి నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండాలు తప్పవు. కరెంటు, ఫైబర్, టవర్ మూడూ ఒకేసారి పోయే రోజులుంటాయి. ఆ రెండు నెలలు సగం చేసిన పనిని ల్యాప్‌టాప్‌లో ఉంచుకోకుండా సాయంత్రానికల్లా సల్సాకు పుష్ చేయండి. అప్‌లోడ్ చేసి వెంటనే మాయమయ్యే పరిస్థితి రాకూడదు. తుఫాను హెచ్చరిక ఉంటే అప్‌లోడ్ వాయిదా వేయండి. విరిగినదాన్ని సరిదిద్దడానికి మనం అందుబాటులో ఉండాలి. టీమ్‌లో ప్యాకేజీ ఉంటే అప్‌లోడర్స్ వరసలో ఇంకొకరి పేరు కూడా పెట్టించుకోండి.

ఇక ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లారు, పెళ్లయింది, పిల్లలు. రాత్రి పదకొండు దాటాక బగ్గులు చూసే ఓపిక లేదు. అది తప్పేమీ కాదు. చెప్పకుండా మౌనంగా ఉండిపోవడమే తప్పు. రోజుకు అరగంటైనా కుదురుతుంటే ఆర్ఎఫ్‌హెచ్ రాయండి. వేరేవాళ్లు దొరికేదాకా చూడగలిగితే ఆర్ఎఫ్ఏ. అసలు కుదరకపోతే ఓ. ఆ బగ్గులో మూడు విషయాలు రాయండి: అప్‌స్ట్రీమ్ ఎలాంటివాళ్లు, ఏ బగ్గు ఎందుకు తెరిచి ఉంది, తర్వాతి వెర్షన్‌లో ఏం విరుగుతుందని మీ అనుమానం. తర్వాత మెయింటెయినర్ స్థానంలో మీ పేరు తీసి క్యూఏ గ్రూపు పేరు పెట్టి చివరి అప్‌లోడ్ చేయండి. సల్సాలో అది మీ సొంత ఖాతా కింద ఉంటే డెబియన్ గ్రూపులోకి మార్చండి, వచ్చేవాళ్లు అనుమతి కోసం మిమ్మల్ని వెతుక్కుంటూ తిరగనక్కర్లేకుండా.